కట్టించినవాళ్ల కథ చాలు, కట్టినవాళ్ల సంగతి చెప్పండి

వెలివాడ పాఠాలు – 14

మిత్రులారా, ఈసారి పాఠం తరగతి గదిలోది కాదు, రోడ్డు మీదిది.

మొన్న ఆదివారం పొద్దున్నే నలుగురు విద్యార్థుల్ని వెంటబెట్టుకొని బేగంపేటలో ఒక హెరిటేజ్ వాక్‌కు పోయాను. మా కాలేజీలో తెలుగు సాహిత్యం చదివే పిల్లలు. పుస్తకంలో ఉన్న ఊరినీ కాళ్ల కింద ఉన్న ఊరినీ కలిపి చూపిద్దామని నా ఆశ. తలకు మూడు వందలు. ఇరవై మందిమి పోగయ్యాం. గైడు మంచి కుర్రాడు. గొంతు బాగుంది, ఉర్దూ షాయిరీ వచ్చు, తారీకులు తప్పు చెప్పడు. కాబట్టి ఇది అతని మీద రాస్తున్నది కాదు. అతనికి ఆ కథ నేర్పిన చరిత్ర మీద రాస్తున్నది.

మొదటి మజిలీ స్పానిష్ మసీదు. అసలు పేరు మస్జిద్ ఇక్బాలుద్దౌలా. ఇక్బాలుద్దౌలా అన్నది పైగా నవాబు సర్ వికారుల్ ఉమ్రా బిరుదు. ఫలక్‌నుమా ప్యాలెస్ ఆయనదే. 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రీ ఆయనే. ఆ నవాబు స్పెయిన్ పోయి, కొర్దోబా నగరంలో పెద్ద మసీదును చూసి మనసు పారేసుకున్నాడట. అలాంటిది తన జాగాలో ఉండాలనుకున్నాడు. పని మొదలైంది. 1902లో ఆయన చనిపోతే కొడుకు 1906లో పూర్తి చేయించాడు. మొనదేలిన ఆ శిఖరాలు చూసి కొత్తవాళ్లు చర్చి అనుకుంటారు. అందమైన కట్టడం. అందులో నాకు పేచీ లేదు.

నా వెంట వచ్చిన వాళ్లలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. సెకండియర్. ఇల్లు రసూల్‌పురా బస్తీలో. అమ్మానాన్నలు పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్లు.

"సార్, ఇది ఎవరు కట్టిన్రు?"

"చెప్పాను కదమ్మా, వికారుల్ ఉమ్రా."

"కట్టించింది ఆయన సార్. కట్టింది ఎవరు?"

గైడు ఒక్క క్షణం ఆగాడు. "మేస్త్రీలు, కూలీలు కట్టి ఉంటారు. నవాబుగారు తట్ట మోస్తారా అమ్మా!"

అందరూ నవ్వారు. కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్లు, స్పోర్ట్స్ షూలు తొడుక్కున్నవాళ్లు, అంతా మంచివాళ్లే, హాయిగా నవ్వారు. అలవాటు చొప్పున నేనూ సగం నవ్వాను. ఆ సగం నవ్వుకు ఇంకా సిగ్గుపడుతున్నాను. ఎందుకంటే తర్వాత చాయ్ బండి దగ్గర ఆ పిల్ల తల దించుకొని చెప్పిన మాట ఇది: "మా అమ్మ తట్ట మోస్తది మేడం. గందుకే అడిగిన."

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు నేను అక్కడ చెప్పలేకపోయిన జవాబు.

ముందు వ్యాకరణం మాట్లాడుకుందాం. మాది తెలుగు డిపార్ట్‌మెంట్ కదా, అదే మా ఆయుధం. కట్టు అన్న ధాతువుకు 'ఇంచు' చేరిస్తే కట్టించు. తవ్వు, తవ్వించు. మోయు, మోయించు. చేయి పెట్టినవాడికి ఒక క్రియ, చేయి చూపించినవాడికి ఇంకో క్రియ. మన భాష అంత నిక్కచ్చిగా తేడా పెట్టింది. మరి మన చరిత్ర పుస్తకాలేం చేశాయి? ఆ 'ఇంచు'ను మింగేశాయి. రాజుగారు గుడి కట్టారు. నవాబుగారు మసీదు కట్టారు. సుల్తాను చెరువు తవ్వాడు. తట్టా పారా పట్టనివాళ్లంతా కట్టేశారు, తవ్వేశారు. నిజంగా కట్టినవాళ్లు కర్తగా ఉండాల్సిన వాక్యంలోంచే మాయమయ్యారు. మా పిల్ల అడిగింది ఆ మింగేసిన 'ఇంచు'ను బయటికి కక్కమని. అంతే. అందుకే అంత నవ్వు వచ్చింది.

సరే, డబ్బు సంగతి. పైగాలు అంటే ఎవరు? నిజాం తర్వాత అంతటి జాగీర్దార్లు. నిజాం కోసం సైన్యాన్ని పోషించే లెక్కన వాళ్లకు ఊళ్లకు ఊళ్లు దఖలయ్యాయి. ఆ ఊళ్ల శిస్తు వాళ్లది. వికారాబాద్ అన్న పేరే ఈ వికారుల్ ఉమ్రాది. మా నాయినమ్మ పుట్టింది ఆ వైపు పల్లెలోనే. పైగా నవాబులు ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసింది దొర, పటేలు, పట్వారీ, ఇంకా వెట్టి. అమీను వస్తే సామాను మోసేది మాదిగోడు. ఊళ్లో ఎవరైనా చస్తే కబురు మోసేది మాలోడో మాదిగోడో. చెప్పులు కుట్టిచ్చేది, మోట బొక్కెన కుట్టేది, డప్పు కొట్టేది కూలి లేకుండానే. "మనకు కూలి అంటే ఏందో రజాకార్ల కాలం ఎల్లినంక తెలిసింది బిడ్డా" అనేది ఆమె. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఊరు చెమట ఊర్చింది, దివాణం ఖర్చు పెట్టింది. బేగంపేట మసీదు గోడలో ఏ రాయి ఏ ఊరి శిస్తుతో వచ్చిందో నేను లెక్క చూపించలేను. కానీ నవాబు స్పెయిన్ ఓడ ఎక్కడానికి పైకం ఆకాశం నుంచి రాలేదని మాత్రం చూపించగలను. పైగా వాళ్లు పైనున్నారంటే, కింద భుజం పెట్టినవాళ్లు ఉన్నారనే అర్థం.

ఇప్పుడు ఆ కొర్దోబాకే పోదాం. మన గైడు అక్కడిదాకా తీసుకుపోయి వదిలేశాడు, నేను ఇంకో నాలుగడుగులు వేస్తాను.

కొర్దోబా పెద్ద మసీదు పని ఎనిమిదో శతాబ్దం చివర్లో మొదటి అబ్దుర్ రహమాన్ కాలంలో మొదలైంది. అందులో చాలా స్తంభాలు అంతకుముందటి రోమన్ కట్టడాల నుంచి పీకి తెచ్చినవి. 1236లో క్రైస్తవ రాజు ఊరిని గెలిచి మసీదును చర్చి చేశాడు. పదహారో శతాబ్దంలో ఆ కమానుల అడవి నడుమ పెద్ద కెథెడ్రల్ లేపారు. ఇంతవరకు ఏ టూరులోనైనా చెబుతారు. చెప్పనిది ఇది: 2006లో అక్కడి బిషప్ కార్యాలయం ఆ మొత్తం కట్టడాన్ని తన పేర రిజిస్టర్ చేయించుకుంది. ఖర్చు ముప్పై యూరోలు. ఆ తర్వాత చూడటానికి వచ్చేవాళ్ల చేతికిచ్చే కాగితాల మీద 'మసీదు' అన్న మాట చిక్కిపోయి 'కెథెడ్రల్' అన్న మాట బలిసింది. ఊరి జనం ఊరుకోలేదు, సంతకాలు సేకరించారు, ఇప్పటికీ కొట్లాడుతున్నారు. ఎందుకంటే వాళ్లకు తెలుసు, టూరిస్టుకు చెప్పే కథ ఉత్త కథ కాదు. అది పట్టా పాస్‌బుక్కు. ఎవడి పేరు చెబుతారో ఆస్తి వాడిది.

అదే స్పెయిన్‌లో 1449లో తొలేదో నగరం ఒక శాసనం చేసింది. యూదు మతం వదిలి క్రైస్తవులైనవాళ్లకు, వాళ్ల సంతానానికి నగర పదవులు ఇవ్వకూడదని. మతం మార్చుకున్నా నీ రక్తం శుద్ధం కాదు అన్నారు. రక్తశుద్ధి సిద్ధాంతం అక్కడి నుంచి మఠాలకు, విద్యాలయాలకు పాకింది. ఇంగ్లీషులో మన కులానికి వాడే 'క్యాస్ట్' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? ఆ ఐబీరియా నేల మీది 'కాస్తా' నుంచే. పోర్చుగీసు ఓడల వాళ్లు మన దగ్గరికి వచ్చి, మన వ్యవస్థను చూసి, తమ ఇంట్లో వాడుకునే మాటనే దానికి తగిలించారు. నవాబు అక్కడి నుంచి కమాను తెచ్చాడు. ఓడవాళ్లు అక్కడి నుంచి మాట తెచ్చారు. కమాను గురించి చెప్పే గైడు మాట గురించి చెప్పడు. చెబితే కమాను కింద నిలబడ్డ ఇరవై మందిలో ఎవరిది ఏ కులమో అన్న ప్రశ్న నోటి దాకా వస్తుంది కదా!

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రాత పట్టుకొని "చూశారా, నవాబులు దోపిడీదార్లు" అంటూ గునపం ఎత్తేవాళ్లు తయారవుతారు. వాళ్లకు నా జవాబు: నువ్వు మా చుట్టానివి కాదు. ఆ మసీదులో ఈ రోజు నమాజు చదివేవాళ్లలో ఆటో తోలేవాళ్లున్నారు, పంక్చర్ షాపుల వాళ్లున్నారు. ఆ కట్టడం వాళ్లది, మాది. కట్టినవాళ్ల వారసులం మేం, కూల్చం. నవాబు శిస్తు గురించి అడిగే నోటితోనే రాజుగారి గుడి గురించి, దొర గడి గురించి, అగ్రహారం మాన్యం గురించి అడుగుతాం. మతాన్ని బట్టి ప్రశ్న మార్చుకునే అలవాటు మాకు లేదు.

అలా మార్చుకోకూడదని మాకు నేర్పింది బాబాసాహెబ్. మన రాజ్యంలోనే జరిగిన ఒక యాత్ర కథ వినండి. 1934. అంబేద్కర్, ఆయనతో పనిచేసే అంటరాని కులాల మిత్రులు ముప్పై మంది దాకా కలిసి వేరూలు గుహలు చూడటానికి బయలుదేరారు. దారిలో దౌలతాబాద్ కోట. అప్పుడది నిజాం ఇలాకా. దుమ్ము కొట్టుకుపోయి వచ్చారు. కోట వాకిలి ముందు నిండా నీళ్లున్న చిన్న కొలను. కాళ్లూ చేతులూ మొహం కడుక్కొని లోపలికి పోబోతున్నారు. వెనక నుంచి ఒక తెల్లగడ్డం ముసలాయన అరుస్తూ వచ్చాడు, అంటరానోళ్లు కొలను మైల చేశారని. గుంపు పోగైంది. బూతులు. చివరికి అంబేద్కర్ అడిగాడు, మాలో ఒకడు ముస్లిం అయితే అప్పుడు కూడా ఇలాగే ఆపుతారా అని. గుంపు నోరు పడిపోయింది. కోట చూడనిచ్చారు. కానీ లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదని షరతు పెట్టి, తుపాకీ పట్టిన సిపాయిని వెంట పంపారు.

మిత్రులారా, మన జాతి చరిత్రలో నమోదైన హెరిటేజ్ వాక్ ఇదీ. గైడు బదులు సిపాయి. ఆ కోట గోడలు మోసినవాళ్ల మనుమలు ఆ కోట నీళ్లలో కాళ్లు కడుక్కుంటే మైల. 'మన ఉమ్మడి వారసత్వం' అని ఎవరైనా తీపిగా అన్నప్పుడల్లా నాకు ఆ కొలను గుర్తొస్తుంది. ఉమ్మడి అన్నారు కదా, మా వాటా ఏది?

అది 1934, ఇప్పుడు అలా లేదు అంటారు. సరే, 2019కి వద్దాం. బేగంపేట నుంచి పెద్ద దూరం కూడా పోనక్కర్లేదు. పంజాగుట్ట, ఎర్రమంజిల్.

ఆ ఏడు ఎర్రమంజిల్ కూలగొట్టి కొత్త అసెంబ్లీ కడతామని ప్రభుత్వం అంది. ఫక్రుల్ ముల్క్ భవనం అది. ఇరమ్ అంటే స్వర్గమట, ఎర్రమట్టి గుట్ట మీద ఉండేసరికి మన నోట్లో ఎర్రమంజిల్ అయి కూర్చుంది. వారసత్వ ప్రేమికులు కదిలారు, కోర్టుకెక్కారు, సెప్టెంబర్‌లో హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టేసింది. మంచిదే జరిగింది. నేనూ ఆ భవనం నిలవాలనే కోరుకున్నాను.

అదే 2019, ఏప్రిల్ 13. అంబేద్కర్ జయంతికి ఒక్క రోజు ముందు. పంజాగుట్ట చౌరస్తాలో కార్యకర్తలు నిలబెట్టిన బాబాసాహెబ్ విగ్రహాన్ని అనుమతి లేదని తెల్లవారుజామున పీకేశారు. పీకి ఎక్కడ వేశారు? చెత్త లారీలో. ఎక్కడికి తీసుకుపోయారు? జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు. రాజ్యాంగం రాసిన మనిషి విరిగిన విగ్రహమై చెత్తబండి ఎక్కాడు. మా పిల్లలు రోడ్డు మీద పడుకొని ఏడ్చారు. ఆ రోజు అక్కడ నేను చూసిన ముఖాలు వేరు, ఎర్రమంజిల్ కోసం చూసిన ముఖాలు వేరు. నవాబు గోడ మీద పగులు వస్తే గుండె పగిలినవాళ్లలో బాబాసాహెబ్ విగ్రహం విరిగితే వచ్చినవాళ్లు ఎందరు? నాలుగేళ్లకు, 2023 ఏప్రిల్‌లో, ఆ చౌరస్తాలో విగ్రహం మళ్లీ లేచింది. అదే నెలలో హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల విగ్రహం వెలిసింది. బాగుంది. కానీ మొన్నటి మా నడకలో పంజాగుట్ట లేదు. "అది హెరిటేజ్ కిందికి రాదు మేడం" అన్నాడు గైడు. కొర్దోబా వస్తుంది, నడిచి పోయేంత దూరంలో ఉన్న పంజాగుట్ట రాదు!

ఇక మిగిలిన మజిలీలు. పైగా ప్యాలెస్. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ అందులోనే ఉందని చెప్పాడు. ఆ గేటు ముందు తెల్లారకముందే ఫైళ్లు పట్టుకొని లైన్లో నిలబడ్డ తెలుగు పిల్లల గురించి ఒక ముక్క చెప్పలేదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూలు. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన కాలేజీ అది, 1951లో పేరు మార్చుకుంది, సత్య నాదెళ్ల చదివిన బడి అన్నాడు. మంచిది. మరి జాగీర్దార్ల పిల్లలకు బడి రాకముందే, 1910లో, ఇదే నగరంలో ఇసామియా బజార్‌లో మాల మాదిగ పిల్లలకు బడి పెట్టిన మనిషి ఒకరున్నారు. భాగ్యరెడ్డి వర్మ. ఆయన జగన్మిత్ర మండలి పెట్టింది 1906లో. అంటే స్పానిష్ మసీదు పూర్తయిన ఏడే. ఒకే ఊరు, ఒకే సంవత్సరం. ఒకచోట నవాబు కల రాయిగా లేచింది. ఇంకోచోట మా మనిషి లేచి హరికథ చెప్పి, భజన పెట్టి, వాడ జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. మొదటిదానికి టికెట్ ఉంది. రెండోదానికి బోర్డు కూడా లేదు.

రోనాల్డ్ రాస్ భవనం. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు, 1902లో నోబెల్ వచ్చింది. గైడు గర్వంగా చెప్పాడు, మేమూ గర్వపడ్డాం. కానీ ఆ దోమలు ఎవరి ఒంటి మీద వాలి రక్తం తాగాయి? హుస్సేన్ ఖాన్ అనే జ్వరపు రోగి. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకున్నాడు రాస్. అంతకు రెండేళ్ల ముందు లచ్‌మన్ అనే నౌకరుకు దోమలు చచ్చిన నీళ్లు తాగించి జ్వరం వస్తుందేమో చూశాడు. ఈ రెండు పేర్లూ రాస్ కథలోనే ఉన్నాయి, ఎక్కడో పాతాళంలో లేవు. 'పేర్లు దొరకవు మేడం' అని తప్పించుకునేవాళ్లకు ఇదే నా సమాధానం. దొరికిన పేర్లే మీరు చెప్పడం లేదు, దొరకని పేర్ల గురించి ఏం ఏడుస్తారు? నిజంగా దొరకనిచోట ఒక్క వాక్యం చాలు. 'ఇది కట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు' అనండి. ఆ వాక్యం అనడానికి ఎంతసేపు పడుతుంది? నవ్వడానికి పట్టినంత సేపు పట్టదు.

సాహిత్యం చదివినవాళ్లు ఇప్పుడు శ్రీశ్రీ పేరెత్తుతారు. 'దేశ చరిత్రలు'లో ఈ ప్రశ్న ఆయన ఎప్పుడో అడిగేశాడు కదా అంటారు. అడిగాడు, దండం. దాన్ని పాఠం చేసి, కంఠతా పట్టించి, మార్కులు వేసి, ప్రశ్న పదును మొద్దుబార్చింది మనమే. ఇంకో సంగతి. ఆయన శ్రమను అడిగాడు, ఆ శ్రమకు ఉన్న కులాన్ని అడగలేదు. తట్ట మోసేవాడు కూలీ మాత్రమే కాదు. తట్ట దించాక కడవ ముట్టుకోనివ్వని కూలీ. కట్టడం పూర్తయ్యాక గడప లోపలికి రానివ్వని కూలీ. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో పల్లకీలో కాశీకి బయలుదేరి రాసిన యాత్రాచరిత్ర మా సిలబస్‌లో ఉంటుంది. పల్లకీ మోసిన భుజాలు సిలబస్‌లో ఉండవు. యాత్ర నడిచింది ఎవరి కాళ్ల మీద?

మనకు గైడ్లు లేరా? ఉన్నారు. దక్కలి వాళ్లు మాదిగవాడకు వచ్చి, బట్ట మీద గీసిన పటం విప్పి, ఒక్కో బొమ్మా చూపిస్తూ జాంబపురాణం చెబుతారు. లోకం ఎట్లా పుట్టింది, జాంబవంతుడు ఎవరు, మనం ఎవరం, ఈ గతి ఎట్లా పట్టింది. నడిచే అవసరం లేని నడక అది. ఊళ్లోకి రానివ్వని మనుషులకు లోకమంతా తిప్పి చూపించిన గైడ్లు వాళ్లు. కొర్దోబా పేరు పలకడం నేర్చుకున్న మనం దక్కలి పటం చూశామా?

కాబట్టి ఏడ్చి ఊరుకోవడం లేదు. ఆ చాయ్ బండి దగ్గరే మేం అయిదుగురం ఒక నిర్ణయం చేశాం. మన నడక మనమే పెడతాం. రసూల్‌పురా బస్తీ నుంచి మొదలు. స్పానిష్ మసీదు దగ్గర ఆగుతాం, దాని అందం చెబుతాం, దాని వెనక జాగీరు ఊళ్లనూ చెబుతాం. రాస్ భవనం ముందు హుస్సేన్ ఖాన్‌కు, లచ్‌మన్‌కు దండం పెడతాం. పబ్లిక్ స్కూలు గోడ పక్కన నిలబడి ఇసామియా బజార్ బడి కథ వింటాం. అక్కడి నుంచి బల్కంపేట ఎల్లమ్మ. బావిలో వెలిసిన తల్లి. తెగిన తల ఒకరిది, మొండెం ఇంకొకరిదిగా అతికిన ఆ తల్లి కథలో మాదిగ ఆడమనిషి ఎక్కడుందో చెబుతాం. ఆ తల్లి పేరు మీద మన ఆడపిల్లల్ని జోగినులుగా విడిచిన ఊళ్ల గురించి, 1988లో వచ్చిన నిషేధ చట్టం గురించీ చెబుతాం. చివరి మజిలీ పంజాగుట్ట, బాబాసాహెబ్ పాదాల దగ్గర. అక్కడ చెత్త లారీ కథ చెప్పకుండా ఎవరినీ ఇంటికి పంపం.

టికెట్ లేదు. గైడు నేను కాదు, ఆ సెకండియర్ పిల్లే. వచ్చే ఆదివారం, రసూల్‌పురా మెట్రో స్టేషన్ కింద. టైము ఆరున్నర కాదు, అయిదున్నర. ఎందుకంటే మొదటి మాట మాట్లాడేది వాళ్లమ్మ. తట్ట ఎట్లా ఎత్తాలి, చుట్టకుదురు ఎట్లా పెట్టుకోవాలి, నాలుగో అంతస్తుకు ఇటుక ఎట్లా చేరుతుంది, ఆమె చెబుతుంది. ఆదివారమైనా ఆమెకు సెలవు లేదు. ఏడింటికల్లా అడ్డా మీద ఉండాలి. ఆమె పోయేలోపే రండి.

జై భీమ్.